ఇజీనారం ఎండలో మూడు వందల రూపాయలు (మా దారుల చరిత్ర - 6)



ఐదో భాగం చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎప్పుడూ భూములు, కేసులు, చావులేనా? ఒక్కసారి హాయిగా ఒక ఊరు తిరిగి రాయొచ్చు కదా. రోజుకి ఐదొందల్లో ఊరు చుట్టేసే వీడియోలు చూడు, లక్షల మంది చూస్తున్నారు" అన్నాడు. సరే అనుకున్నాను. హాయిగా రాయడం నా చేతిలో ఉందో లేదో మీరే చదివి చెప్పండి.

రోహిణి కార్తె. 12వ తేదీ సభకి కరపత్రాలు అచ్చు వేయించాలి. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి, పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల దాటి తొమ్మిదింటికల్లా విజయనగరంలో దిగాను. ప్రెస్ అబ్బాయి మేటర్ తీసుకుని, "సాయంత్రం ఐదుకి రండి సార్, కరెంటు ఉంటే ఇచ్చేస్తాను" అన్నాడు. అచ్చు డబ్బులు కట్టాక జేబులో మూడు వందలు మిగిలాయి. చేతిలో ఎనిమిది గంటలు. నెత్తిన ఎండ. అదేదో బడ్జెట్ ప్రయాణం అంటున్నారు కదా, ఇదే.

మన ఉత్తరాంధ్ర ఎండ సంగతి బయటివాళ్ళకి తెలీదు. రాయలసీమలో ఎండ కాలుస్తుంది, ఇక్కడ ఉడకేస్తుంది. సముద్రం దగ్గరే కదా, చెమట ఆరదు. 2015 వేసవిలో వడగాడ్పులకి మన రాష్ట్రంలో 1,300 మందికి పైగా పోయారు. వాళ్ళలో ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎందరుంటారు చెప్పండి? ఉపాధి హామీ గట్ల మీద, ఇటుక బట్టీల దగ్గర, రోడ్డు పనుల్లో ఉన్నవాళ్ళే. ఎండలో నడిచేవాడికి మూడే కావాలి. నీళ్ళు, నీడ, నడుం వాల్చడానికి ఇంత చోటు. ఈ మూడింటికీ డబ్బు ఉంటే చాలని వీడియోలవాళ్ళు అనుకుంటారు. మన దగ్గర డబ్బు కంటే ముందు ఇంకోటి అడిగేవారు.

తెలుగులో మొదటి యాత్రాచరిత్ర అని చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. వచ్చేటప్పుడు పూరీ మీదుగా దిగి, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విజయనగరం దారినే వెళ్ళారు. అంటే మనం రోజూ బస్సెక్కే దారే. ఆ పుస్తకం అంటే నాకు గౌరవం. కళ్ళు తెరుచుకుని నడిచిన మనిషి ఆయన. నడిచిన మనిషి అన్నాను గానీ, ఆయన పల్లకీలో వెళ్ళారు, నడిచింది బోయీలు. వెంట దాదాపు వంద మంది పరివారం. ప్రతి మజిలీలోనూ బసకి చోటు ఉందా, సత్రం ఉందా, అంగళ్ళున్నాయా, నీళ్ళెలా ఉన్నాయి, బ్రాహ్మణ ఇళ్ళున్నాయా అని రాసుకుంటూ వెళ్ళారు. తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. నిజంగానే పనికొచ్చింది. కానీ ఎవరికి? అదే సత్రం అరుగు, అదే ఊరి నుయ్యి మా తాత చేతిలో పెట్టి చూడండి. సమాచారం అంతా కరెక్టే, ఒక్కటీ పనికిరాదు.

మూడు లాంతర్ల దగ్గరికి వచ్చేసరికి పది దాటింది. పేరే మిగిలింది, పాత లాంతర్ల స్తంభాన్ని 2020లో తీసేశారు. పైడితల్లి అమ్మవారి చదురుగుడి అక్కడే. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరిగేది ఈ వీధిలోనే. ఆ పండగలో ఏ కులానికి ఏ పని, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పెద్ద కథ. అది ఇంకో భాగం పని, ఇప్పుడు పెట్టుకుంటే ఎండలోనే ఉండిపోతాం.

అక్కణ్ణుంచి కోట వైపు. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారని చెబుతారు. చుట్టూ కందకం, నగారాఖానా, లోపల ఇప్పుడు కాలేజీలు. కోటకి దగ్గర్లోనే బొంకులదిబ్బ. గుర్తొచ్చిందా? కన్యాశుల్కం తెర లేచేది ఇక్కడే. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని తిరగరాశారు. నాకైతే తెలుగులో అసలు సిసలు బడ్జెట్ ప్రయాణికుడు గిరీశమే. చేతిలో చిల్లిగవ్వ లేదు. పూటకూళ్ళమ్మ సరుకులు తెమ్మని ఇచ్చిన ఇరవై రూపాయలు ఎగ్గొట్టాడు. అప్పులవాళ్ళు వెంటపడుతుంటే శిష్యుణ్ణి పట్టుకుని బండెక్కి కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. అక్కడ తిండి, పడక, మర్యాద అన్నీ దొరికాయి. చిన్నప్పుడు చదివి పడీపడీ నవ్వాను. పెద్దయ్యాక ఒక ప్రశ్న పట్టుకుంది. ముక్కూ మొహం తెలీని ఊళ్ళో పరాయివాడిని ఇంట్లోకి రమ్మని, విస్తరి వేసి, పిల్లాడికి చదువు చెప్పమని ఎందుకు అప్పజెప్పారు? ఇంగ్లీషు వచ్చనా? అది సగమే. మిగతా సగం జంధ్యం. గిరీశానికి బజార్లో అప్పు పుట్టకపోయినా, కులం దగ్గర ఖాతా ఎప్పుడూ తెరిచే ఉంది. అదే ఇంగ్లీషు, అదే వాగుడు ఒక మాల కుర్రాడికి ఉంటే మొదటి అంకంలోనే నాటకం అయిపోను.

పూటకూళ్ళిల్లు అంటే ఏంటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. పూటకి ఇంత అని డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే ఇల్లు. హోటళ్ళు రాకముందు పరాయి ఊరు వచ్చినవాళ్ళకి అదే ఆధారం. భర్త పోయి, దిక్కులేని ఆడవాళ్ళు అలా బతికారు. ఆమె కష్టం నాకు అర్థమవుతుంది, గురజాడ ఆమెని బాగా పట్టుకున్నారు కూడా. కానీ డబ్బు తీసుకుని పెట్టే అన్నం కూడా అందరికీ కాదు. రూపాయి ఏ చేతిలోంచి వచ్చిందన్నది రూపాయి కంటే ముందు చూసేవారు. గురజాడగారికి ఇది తెలీక కాదు. 1911లో 'లవణరాజు కల' రాసి, అందులో మాలపిల్లని రాజు ఎదురుగా నిలబెట్టిన మనిషి ఆయన. కోట దగ్గరే ఆయన ఇల్లు ఉంది, స్మారకంగా ఉంచారు. నేను వెళ్తే కాసేపు కూర్చునే వస్తాను, నీడ కోసమైనా సరే.

ఇప్పుడు మా తాత.

తాతకి విజయనగరం అంటే దారిలో తగిలే ఊరు. భీమిలి రేవుకి పోయే దారి. భీమిలిలో ఓడెక్కితే రంగం. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు, ఇప్పటికీ మా పక్క ముసలివాళ్ళు అలాగే అంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల మీదుగా వేలమంది అక్కడికి పోయారు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగు కూలీలే. 1930 మేలో ఆ రేవులోనే బర్మా కూలీలకీ మనవాళ్ళకీ గొడవై వంద మందికి పైగా చచ్చిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల్లోంచి, కొండల్లోంచి ఇండియాకి నడిచారు. దానికి ముందే తాత తిరిగొచ్చేశాడు. ఆయన అన్న రాలేదు.

చెప్పండి, అతి తక్కువ ఖర్చుతో లోకం తిరిగినవాడు ఎవడు? డెక్కు మీద పడుకుని బంగాళాఖాతం దాటిన మా పెద్ద తాతా, బ్యాగు భుజానేసుకుని కెమెరా పట్టుకున్న కుర్రాడా? ఈ రోజుక్కూడా మన స్టేషన్లలో జనరల్ బోగీ దగ్గర చూడండి. బియ్యం మూట, ప్లాస్టిక్ బకెట్, అందులో గిన్నెలు, చంకలో బిడ్డ. విజయవాడకి, హైదరాబాదుకి, చెన్నైకి పోతున్నారు. దాన్ని మనం వలస అంటాం, ప్రయాణం అనం.

తాత చద్దిమూట కట్టుకుని మా ఊరి నుంచి నడిచి ఇజీనారం వచ్చేవాడు. పగలు నడిస్తే దాహం, అందుకని రాత్రి నడిచేవాళ్ళు. పగలు చెట్టు కింద పడుకునేవాళ్ళు, ఆ చెట్టు ఏదో కూడా చూసుకుని. ఊళ్ళో నీళ్ళు ఎక్కడ తాగేవాడివి అని అడిగితే, పెద్దచెరువులో పశువులు దిగే చోటు చెప్పేవాడు. చలివేంద్రాలు లేవా అంటే, ఉండేవి, దూరంగా నిలబడితే పోసేవారు, దోసిలి పట్టాలి అనేవాడు. పోసేవాడి చెంబు పైన ఎంత ఎత్తులో ఉండేదో చెయ్యెత్తి చూపించేవాడు. సగం నీళ్ళు మోచేతుల మీద నుంచి కారిపోయేవట. నవ్వుతూ చెప్పేవాడు.

చట్టం లేదనుకోకండి. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టారు. ప్రజల రోడ్లు, నూతులు, చెరువులు, ప్రజలు చేరే చోట్లు ఏ కులంవాడికైనా తెరిచే ఉండాలని. తీర్మానం నెగ్గింది, సర్కారు ఉత్తర్వు కూడా ఇచ్చింది. అప్పటికి మన విజయనగరం, శ్రీకాకుళం మద్రాసు రాష్ట్రంలోవే. అంటే తాత ఆ చెరువు గట్టున పశువుల పక్కన వంగిన రోజున, రాజమార్గాన మెట్ల మీద కూర్చుని తాగే హక్కు ఆయనకి కాగితం మీద ఉంది. ఆ కాగితం ఎవరూ ఆయనకి చదివి వినిపించలేదు.

పన్నెండు కావస్తుంటే పెద్దచెరువు గట్టు మీదకి వెళ్ళాను. గాలి లేదు. నీళ్ళ మీద నుంచి వచ్చేది కూడా ఆవిరే. అక్కడ కూర్చుంటే నాకు దౌలతాబాదు గుర్తొచ్చింది. బాబాసాహెబ్ 1935-36 ప్రాంతంలో రాసుకున్న 'వీసా కోసం ఎదురుచూపు'లో ఉంది ఆ కథ. ఆయన బతికుండగా అచ్చు కాలేదు, 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చిన్న పుస్తకంగా వేసింది. అందులో మొదటి కథ అందరికీ తెలుసు. 1901లో తొమ్మిదేళ్ళ పిల్లాడు, అన్నా మేనల్లుళ్ళతో తండ్రిని చూడ్డానికి రైలు దిగి, బండి సులువుగా దొరక్క, రాత్రంతా చేతిలో అన్నం ఉండి, నీళ్ళు లేక తినలేకపోయిన కథ. కానీ ఊరు చూడ్డానికి పోయేవాడు చదవాల్సింది 1934 నాటిది. అప్పటికి ఆయన పిల్లాడు కాదు. బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన నాయకుడు. ముప్ఫై మంది దాకా తోటివాళ్ళతో కలిసి దౌలతాబాదు కోట చూడ్డానికి వెళ్ళారు. అచ్చంగా టూరు. దారంతా దుమ్ము. కోట గుమ్మం బయట నిండుగా చెరువు, చుట్టూ రాతి చప్టా. కొందరు మొహం, కాళ్ళు కడుక్కున్నారు. లోపలికి వెళ్ళబోతుంటే వెనక నుంచి ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, అంటరానివాళ్ళు చెరువు మైల చేశారని. జనం పోగయ్యారు. ఆ అరిచింది ముస్లింలు. అంటరానితనం హిందువుల గడపలో ఆగలేదని బాబాసాహెబ్ ఆ కథ చెప్పింది అందుకే. చివరికి కోట చూడనిచ్చారు, కానీ లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదన్న షరతు మీద. కాపలాగా ఒక సాయుధుణ్ణి కూడా తోడిచ్చి పంపారు. టికెట్ కంటే ఎక్కువే కట్టారన్నమాట.

ఇంకో సంగతి. 1936లో అమెరికాలో విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. నల్లవాళ్ళు కారులో పోతే ఎక్కడ తిండి పెడతారు, ఎక్కడ గది ఇస్తారు, ఎక్కడ పెట్రోలు పోస్తారు, ఆ అడ్రసులు. ముప్ఫై ఏళ్ళు నడిచింది. వీరాస్వామయ్యగారు రాసుకున్న లాంటి సమాచారమే, అవతలి గట్టు నుంచి. అదే 1936లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లాండు వెళ్ళాడు. వెంట ఇద్దరు నౌకర్లు, ముప్ఫై ఆరు సామాన్లు అని చెబుతారు. మా తాతది ఒక మూట. (ఆయన ఆట గురించి నేనేమీ అనను, క్రికెట్ తెలిసినవాళ్ళు చాలా అన్నారు.)

మనకి గ్రీన్ పుస్తకం లేదు. నోటి మాటే పుస్తకం. "ఆ ఊళ్ళో ఆ గట్టు దిగితే మనవాళ్ళుంటారు, అక్కడికెళ్ళు" అనేది. కొత్త ఊరెళ్తే పేట ఎక్కడని అడిగి వెళ్ళేది అందుకే. ఇప్పుడు రాజ్యాంగం 15(2) ఉంది. అంగళ్ళు, హోటళ్ళు, నూతులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరునా రాసి మరీ ఇచ్చారు. అంత వివరంగా ఎందుకు రాయాల్సొచ్చిందో దౌలతాబాదు చదివితే తెలుస్తుంది.

అదంతా పాత కథ అంటారా? పదేళ్ళ కింద ఒక పట్నంలో, పేరొద్దు, రాత్రి పదకొండుకి బస్సు దిగి లాడ్జికి వెళ్ళాను. మెడలో నీలి కండువా ఉంది. గుమాస్తా కార్డు చూశాడు, కండువా చూశాడు, "ఏ మీటింగుకొచ్చారు?" అన్నాడు. చెప్పాను. "రూములు లేవండి" అన్నాడు. వెనక బోర్డుకి తాళాలు వేలాడుతున్నాయి. బయటికొచ్చి వేరే కులం మిత్రుడితో ఫోన్ చేయించాను. పది నిమిషాల్లో అదే లాడ్జిలో రూము దొరికింది. మర్యాద కూడా బానే చేశారు. నేను వెళ్ళలేదు, బస్టాండులో బల్ల మీద పడుకున్నాను. అరవై రూపాయల దోమల చక్రాలు కాల్చాను.

రెండు గంటలకి గంటస్తంభం వైపు నడుస్తుంటే కళ్ళు తిరిగాయి. పొద్దున్న ఇరవై రూపాయల చోడంబలి తాగానంతే. గోడ వారగా గొడుగు కింద ఒక ముసలమ్మ బుట్టలో మామిడి పళ్ళు, పక్కన పళ్ళెంలో పనస తొనలు పెట్టుకుని కూర్చుంది.

"ఏటి బావూ, ఈ ఎండలో ఎక్కడికి? కూకో, కూకో" అంది.

కూర్చున్నాను. సీసా తీసింది. ఇవ్వబోయి ఆగింది. "మేం రెల్లోలం బావూ. ముందే సెప్తన్నాను. తెలిసినాక కొందరు తాగరు" అంది.

"మాది మాలపేట అమ్మా" అన్నాను.

నవ్వింది. "మాలోలయితే మరీ తాగరు బావూ."

మిత్రులారా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. తాత కథలో నేనెప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. పెద్దచెరువులో పశువుల పక్కన తాగేవాడు గానీ, దారిలో రెల్లివీధి ఉన్నా, వాళ్ళు రమ్మని పిలిచినా అక్కడ తాగేవాడు కాదు. "వాళ్ళ దగ్గరా?" అనేవాడు. దోసిలి కథ చెప్పిన నోటితోనే. నేను సభల్లో దోసిలి కథ వందసార్లు చెప్పుంటాను, రెల్లివీధి ముక్క ఒక్కసారీ చెప్పలేదు. ఈ రోజు రాస్తున్నాను.

రెల్లి అన్నలు, అక్కల గురించి మన ఉద్యమ చరిత్రల్లోనే రాసింది తక్కువ. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో రెల్లి, హడ్డి అని కొన్ని పేజీలున్నాయి. దొర కళ్ళతో రాసిందే అనుకోండి. ఇంట్లో మాట్లాడుకునే మాట ఒడియాకి దగ్గర. పళ్ళు అమ్మడం, గడ్డి కోసి అమ్మడం, పట్నాలు శుభ్రం చేయడం. విజయనగరం మునిసిపాలిటీ 1888లో వచ్చింది. మునిసిపాలిటీ అంటే దీపాలు, రోడ్లు అని మనం రాసుకుంటాం. పొద్దున్నే మలం ఎత్తి బండికి పోసే మనుషులు లేకపోతే ఏ మునిసిపాలిటీ ఒక వారం నిలబడేది? ఈ జిల్లాల నుంచే విజయవాడకీ, ఇంకా చాలా పట్నాలకీ పాకీ పనికి వెళ్ళారు. అది కూడా ప్రయాణమే. ఆ పని చేయించడం నేరమని చట్టం 1993లో వచ్చింది, మళ్ళీ గట్టిగా 2013లో వచ్చింది. బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్లు లెక్కపెట్టి, పలుగులతో పగలగొడితే గానీ ఉన్నాయని సర్కార్లు ఒప్పుకోలేదు.

వర్గీకరణలో 2000లో రెల్లి గ్రూపుకి ఒక శాతం విడిగా ఇచ్చారు. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెయ్యొచ్చు అంది. 2025లో మన రాష్ట్రం మళ్ళీ ఆ ఒక శాతం ఇచ్చింది. దీని మీద మా మాలల్లో ఎంత కోపం ఉందో నాకు తెలుసు. నాకు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళూ ఉన్నారు. లెక్కల మీద వాదిద్దాం, జనాభా లెక్కలు తెచ్చుకుని మరీ వాదిద్దాం. కానీ ఆ ముసలమ్మ సీసా ఇవ్వబోయి ఆగిన ఆ క్షణం గురించి కూడా ఎవరైనా నాకు ఫోన్ చేసి మాట్లాడండి.

సీసా తీసుకుని తాగాను. పెదాలు ఆనించే తాగాను, ఎత్తి పోసుకోలేదు. వేడెక్కిన నీళ్ళు. ఆమె నా మొహం వంక చూస్తూ ఉంది. భర్త మునిసిపాలిటీలో ఊడ్చేవాడట, పోయాడు. కొడుకు విశాఖలో అదే పని, కాంట్రాక్టు. "పెర్మనెంటు అవుద్దంటావా బావూ?" అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. అరకేజీ మామిడి పళ్ళు తీసుకున్నాను. డబ్బులిస్తే పది రూపాయలు వెనక్కిచ్చి, రెండు పనస తొనలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

ఐదింటికి ప్రెస్‌కి వెళ్తే కరెంటు లేదు. ఆరున్నరకి ఇచ్చాడు. వెయ్యి కరపత్రాలు, ఇంకా తడి ఆరలేదు, చేతులకి నలుపు అంటింది. 2012 జూన్ 12 పొద్దున్న లక్ష్మింపేటలో జరిగింది వాటిలో ఉంది. మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకోగా మిగిలిన భూమి, దాన్ని దున్నుకుంటున్న మాలలు, దాని మీద వచ్చిన బాంబులు, కత్తులు, పోయిన ఐదుగురు. అప్పట్లో వంగర మండలం శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు విజయనగరంలో కలిపారు. కాబట్టి ఆ ఊరు ఇప్పుడు ఈ గంటస్తంభం ఉన్న జిల్లాలోదే.

మూడు వందల్లో నూట ఎనభై మిగిలింది. కరపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకుని రాజాం బస్సెక్కాను. అక్కణ్ణుంచి వంగర పొద్దున్నే. ఏడో భాగం అక్కడి నుంచి రాస్తాను.

జై భీమ్.